నాన్నగారి కేసెట్లు, అమ్మ వాయిస్ మెసేజ్‌లు: వందల ఫైళ్లు ఒక్కసారే మార్చడమెలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే గోడు. ఆడియో ఫైళ్లు వందల్లో ఉన్నాయి, ఒక్కొక్కటీ తెరిచి మార్చే ఓపిక లేదు, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక బీరువాలో 60 కేసెట్లు దొరికాయి. ఒక షాపులో ఇస్తే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి ఇచ్చారు. 120 వేవ్ ఫైళ్లు, మొత్తం 38 జీబీ. అన్నయ్యకీ అక్కకీ ఫోన్‌లో పంపుదామంటే రెండు ఫైళ్లకే నెట్ అయిపోతోంది. అన్నిటినీ ఎంపీ3 చేసుకోమన్నారు. ఎలా చేయాలి? సాఫ్ట్‌వేర్లంటే నాకు టెన్షన్, మొదటి నుంచీ చెప్పండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఆ 38 జీబీ మొత్తాన్నీ ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించి, దాన్ని మీ అన్నయ్యగారింట్లోనో అక్కగారింట్లోనో పెట్టండి. సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తర్వాతే. కన్వర్ట్ అనే మాట వినగానే పాతది పోయి కొత్తది వస్తుందనుకుంటారు గానీ, మీరు చేయబోయేది నకలు తీయడం. వేవ్ ఫైలు అసలు దస్తావేజు, ఎంపీ3 దాని జిరాక్సు. జిరాక్సు చేతికొచ్చింది కదా అని దస్తావేజు చింపేయం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2006లో నేను చేసిన తప్పు అదే. మా అమ్మ పాడిన మంగళహారతులు కేసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, అన్నిటినీ 64 కేబీపీఎస్ (సెకనుకు ఎంత సమాచారం రాస్తుందో చెప్పే కొలత, దీన్నే బిట్‌రేట్ అంటారు, తగ్గేకొద్దీ నాణ్యత తగ్గుతుంది) ఎంపీ3లుగా మార్చి, డిస్క్‌లో చోటు లేదని వేవ్ ఫైళ్లు చెరిపేశాను. కేసెట్ తర్వాత బూజు పట్టి పోయింది. ఇప్పుడు ఆ పాటలు వింటే అమ్మ 'స' పలికిన చోటల్లా ఒక బుస, వెనకాల మోగే తాళాలు నీళ్లలో కొట్టినట్టు ఉంటాయి. అది బాగు చేసే దారి లేదు, ఎందుకంటే ఎంపీ3 చేసేటప్పుడు పారేసిన శబ్దం మళ్లీ ఎక్కడినుంచీ రాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వేవ్ ఫైలులో సామాన్యంగా సీడీ లెక్కే ఉంటుంది, సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఎడమకీ కుడికీ విడివిడిగా రాసి పెట్టుకుంటుంది. అందుకే నిమిషానికి సుమారు 10 ఎంబీ. మీ కేసెట్ ఒక వైపు అరగంట కాబట్టి 300 ఎంబీ పైచిలుకు, 120 వైపులకి మీరు చెప్పిన 38 జీబీ సరిగ్గా సరిపోయింది. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి ఒక ఎంబీ కూడా ఉండదు. అరగంటకి 29 ఎంబీ, మొత్తం కలిపి మూడున్నర జీబీ. చెవి పెద్దగా పట్టించుకోని శబ్దాలను వదిలేసి రాస్తుంది కాబట్టి అంత చిన్నదవుతుంది.

సాఫ్ట్‌వేర్‌కి వస్తే, కొత్తవాళ్లకి నేను చెప్పేది ఫ్రీ ఆడియో కన్వర్టర్. దాని పేరు చిత్రంగా రాస్తారు, ఇంగ్లీషులో ఎఫ్, ఆర్, ఈ, తర్వాత రెండు చుక్కలు, ఆపైన ఏ, సీ. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు, ప్రోగ్రామ్ రాసిన కోడ్ అంతా బయటికే ఉంటుంది, విండోస్‌తో పాటు మ్యాక్, లైనక్స్‌లోనూ నడుస్తుంది. దాని సొంత సైటు నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే పెద్ద పెద్ద డౌన్‌లోడ్ బటన్లు నొక్కితే వేరే చెత్త ఎక్కుతుంది.

తెరిచాక కనిపించే ఖాళీ తెరే జాబ్‌లిస్ట్. ఫోల్డర్‌ను మౌస్‌తో పట్టుకుని అందులోకి లాగి వదిలితే ఫైళ్లన్నీ వరసగా పేరుకుంటాయి. కానీ మొదటిసారే 120 ఎక్కించకండి. మూడే మూడు ఫైళ్లు తీసుకోండి. ఒకటి మాటలు ఎక్కువున్నది, ఒకటి రాగం సాగదీసి పద్యం పాడింది, ఒకటి జనం గోల ఉన్నది. ఈ మూడోది ముఖ్యం. పద్యం అయిపోగానే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు చూడండి, ఆ అరుపులూ చప్పట్లూ కలిసిన చోటే ఎంపీ3కి అన్నిటికంటే కష్టం. బిట్‌రేట్ తక్కువైతే చప్పట్లు వాన చినుకులు రేకు మీద పడినట్టు గరగరలాడతాయి. హార్మోనియం మాత్రం తక్కువలోనూ బాగానే నిలబడుతుంది, తాళాలు నిలబడవు. కాబట్టి ఆ మూడు ఫైళ్లనీ ఒకసారి 128తో, ఇంకోసారి 192తో వేరు వేరు ఫోల్డర్లలోకి తీసి, ఫోన్ స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. తేడా తెలియకపోతే 128 చాలు. తెలిసిందా, 192కే వెళ్లండి, మొత్తం అయిదు జీబీ పైన అవుతుంది, అంతే కదా.

సెట్టింగ్స్‌లో ఎన్‌కోడర్ (శబ్దాన్ని కావలసిన రకం ఫైలుగా మార్చే ముక్క) అని ఉన్నచోట లేమ్ ఎంపీ3 అన్నది ఎంచుకోండి. 1998లో మొదలైన ఎన్‌కోడర్ అది, ఇన్నేళ్లుగా జనం చెవులతో పరీక్షిస్తూ మెరుగుపరచుకుంటూ వచ్చారు, ఎంపీ3 వరకు దానికి మించింది వెతుక్కోవాల్సిన పని లేదు. ఒకప్పుడు పేటెంట్ల గొడవ వల్ల ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఎంపీ3 ముక్కను విడిగా తెచ్చి కలుపుకోవాల్సి వచ్చేది. 2017తో ఆ బెడద తీరిపోయింది. అక్కడే అవుట్‌పుట్ ఫోల్డర్ అని అడుగుతుంది, దానికి మాత్రం కచ్చితంగా కొత్త ఫోల్డర్ చూపించండి. ఇంకో సంగతి, ఎన్‌కోడ్ మెనూలో మార్చాక అసలు ఫైళ్లు తీసేయమనే ఆప్షన్ ఒకటి ఉంటుంది. దాని పక్కన టిక్కు లేదని రెండుసార్లు చూసుకోండి.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. షాపులవాళ్లు సామాన్యంగా ప్రతి కేసెట్‌కీ ఒక ఫోల్డర్ చేసి, అందులో సైడ్ ఏ, సైడ్ బీ అని రెండు ఫైళ్లు పెడతారు. అరవై ఫోల్డర్లలోనూ అవే పేర్లు. అన్నిటినీ ఒకే అవుట్‌పుట్ ఫోల్డర్‌లోకి పంపిస్తే రెండో సైడ్ ఏ వచ్చి మొదటి సైడ్ ఏ మీద కూర్చునే ప్రమాదం ఉంది, చివరికి 120 బదులు రెండే మిగిలినా ఆశ్చర్యం లేదు. మీవీ అలాగే ఉంటే, మార్చడానికి ముందే పేర్లు పెట్టేయండి. 01 అనే అంకె, ఏ వైపో, తర్వాత నాటకం పేరు. అంకె ముందు సున్నా తప్పకుండా ఉండాలి, లేకపోతే కొన్ని ప్లేయర్లలో 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత ప్రోగ్రామ్‌లో ఫైల్‌నేమ్ ప్యాటర్న్ అన్నచోట పాత ఫైలు పేరే ఉంచమని పెట్టండి, ఎందుకంటే గాయకుడి పేరు, పాట పేరు అని అది వెతుక్కుంటుంది, మీ ఫైళ్లలో అవేవీ రాసి ఉండవు.

పేర్లు పెట్టడానికి ప్రతి ఫైలూ ఓ నిమిషం వినాలి. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. అక్కగారితో ఫోన్‌లో మాట్లాడుతూ చేయండి, ఈ గొంతెవరిది, ఏ ఊళ్లో ఆడింది అనేవి మీకు గుర్తులేనివి ఆవిడకి గుర్తుంటాయి. కేసెట్ అట్ట మీద నాన్నగారి చేతిరాత ఉంటే దాన్ని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి. ఇదంతా అయ్యాక మిగిలిన ఫైళ్లన్నీ ఎక్కించి స్టార్ట్ నొక్కి మీ పని మీరు చూసుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ అయినా అరగంట ఫైలుకి నిమిషం అటూఇటూ తీసుకుంటుంది. అయ్యాక ఫైళ్లు లెక్కపెట్టండి. 120 ఉండాలి. ఏదైనా ఫైలు మిగతావాటి కంటే మరీ చిన్నగా ఉంటే దాన్ని తెరిచి చివరిదాకా వినండి.

మరి 38 జీబీ ఎప్పటికీ మోయాలా అంటారేమో. అక్కర్లేదు, దానికి ఫ్లాక్ ఉంది. ఫ్లాక్‌లో ఏమీ పారేయడం ఉండదు, బట్టలు మడిచి పెట్టెలో సర్దినట్టు సర్దుతుంది, విప్పితే వేవ్‌లో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. సైజు సగం దాకా తగ్గుతుంది, కేసెట్‌లో సుయ్‌మనే హోరు ఎక్కువగా ఉంటే అంత తగ్గదు. ఇదే ప్రోగ్రామ్‌లో ఎన్‌కోడర్ దగ్గర లేమ్ బదులు ఫ్లాక్ పెట్టి ఇంకోసారి నడిపితే సరి. దాచుకోవడానికి ఫ్లాక్, పంచుకోవడానికి ఎంపీ3, రెండూ నేరుగా వేవ్ నుంచే తీయండి.

ప్రశ్న: కారులో పెన్‌డ్రైవ్ పెడితే 700 పాటల్లో ఓ వంద పలకవు. కొన్నిటికి పేరు బదులు డబ్బాలు కనిపిస్తాయి. వరస కూడా మారిపోతుంది. ఎం4ఏ అని ఉన్నవాటికి చివర ఎంపీ3 అని పేరు మార్చి చూశాను, అయినా పలకలేదు. – హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పేరు మారిస్తే ఫైలు మారదండి. సీసా మీద నెయ్యి అని చీటీ అంటిస్తే లోపలున్న నూనె నెయ్యి కాదు కదా. మీరు పేరు మార్చినవాటిని మళ్లీ ఎం4ఏ అని వెనక్కి మార్చేసి, అప్పుడు కన్వర్టర్‌లో వేయండి. పలకని ఆ వంద మటుకే వేయండి, పలికే ఆరొందలూ ఎంపీ3లే అయి ఉంటాయి, వాటిని మళ్లీ ఎంపీ3 చేస్తే ఉన్న నాణ్యత కూడా పోతుంది. పాత స్టీరియో అయితే బిట్‌రేట్ దగ్గర కాన్‌స్టంట్ అని పెట్టండి. వేరియబుల్ (పాటలో చోటును బట్టి బిట్‌రేట్ మారేది) పెడితే కొన్ని సెట్లలో పాట నిడివి తప్పుగా చూపిస్తుంది.

డబ్బాలు కనిపించడానికి కారణం ఆ స్టీరియోలో తెలుగు అక్షరాలు లేకపోవడం. ఫైలుకి ఏ దోషమూ లేదు. కారు కోసం తీసే కాపీలో ఫైలు పేరు, ట్యాగ్‌లో (ఫైలు లోపల రాసి ఉండే పాట వివరాల్లో) ఉన్న పేరు రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఫైలు పేరు ఒకటే మార్చి ట్యాగ్ వదిలేస్తే మళ్లీ డబ్బాలే వస్తాయి, చాలామంది అక్కడే ఆగిపోయి విసుక్కుంటారు.

ఇక వరస. చాలా కారు స్టీరియోలు అక్షర క్రమం చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కిందో అదే ముందు వాయిస్తాయి. కాబట్టి 001, 002 అని అంకెలు వేసి, పెన్‌డ్రైవ్‌ను ఒకసారి ఖాళీగా ఫార్మాట్ చేసి, పేరు వరసలో ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా ఒకేసారి కాపీ చేయండి. ఫార్మాట్ చేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి ఏది కావాలో అడుగుతుంది, ఫ్యాట్32 ఎంచుకోండి. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతితో వస్తాయి, పాత స్టీరియోలు దాన్ని చదవలేవు. పాటలకి 32 జీబీది ధారాళంగా సరిపోతుంది.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఎనిమిదేళ్లుగా మస్కట్‌లో ఉంటున్న. మా అమ్మకు రాయడం రాదు, ఏదున్నా వాయిస్ మెసేజే పంపేది. పోయినేడు అమ్మ పోయింది. ఫోన్‌లో వందల మెసేజ్‌లున్నయి, ఫోన్ పాతదైంది, ఎప్పుడు ఆగిపోతదో అని భయం. వాటినన్నిటినీ ఎంపీ3 చేసి దాచుకునేదెట్లా?

జవాబు: తమ్ముడూ, ఈ పని ఈ శుక్రవారం సెలవుకే పెట్టుకో, వాయిదా వేయకు.

నీది ఆండ్రాయిడ్ ఫోనే అయితే, వైరుతో కంప్యూటర్‌కి తగిలించి వాట్సాప్ ఫోల్డర్‌లో మీడియా, అందులో వాయిస్ నోట్స్ అన్న ఫోల్డర్ చూడు. లోపల అంకెల పేర్లతో చిన్న ఫోల్డర్లుంటాయి, మొదటి నాలుగంకెలు సంవత్సరం, తర్వాతి రెండూ వారం. ఆ మొత్తాన్నీ ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకో. ఇది అయిపోతే సగం భయం తీరినట్టే.

అయితే అక్కడ అమ్మ మాటలొక్కటే ఉండవు, నువ్వు పంపినవీ, స్నేహితులవీ అన్నీ కలిసి ఉంటాయి, ఏది ఎవరిదో పేరులో ఉండదు. దానికో మార్గముంది. వాట్సాప్‌లో అమ్మ చాట్ తెరిచి, మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో కలిపి అని ఎంచుకో. ఆ ఒక్క చాట్ ఫైళ్లే వస్తాయి, తోడుగా ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో తేదీ, టైము, పంపినవాళ్ల పేరు, ఎదురుగా ఫైలు పేరు ఉంటాయి. ఎక్స్‌పోర్ట్‌కి ఒక పరిమితి ఉంది, మరీ పాతవి రాకపోవచ్చు. వాటిని ముందు కాపీ చేసుకున్న ఫోల్డర్ నుంచి విని ఏరుకోవాలి. అందుకే రెండు పనులూ చేయమంటున్నా.

ఆ ఫైళ్లు ఓపస్ అనే రకం. 2012లో వచ్చింది, తక్కువ సైజులో మాటను స్పష్టంగా పట్టుకోవడంలో దానికి అదే సాటి. అమ్మ గొంతుకు అసలు కాపీ అంటే ఆ ఓపస్ ఫైళ్లే. అవి చిన్నవే కాబట్టి అలాగే దాచు, చెరపకు. వినడానికి వీలుగా ఎంపీ3 కావాలంటే పైన తెనాలి అమ్మకి చెప్పిన ప్రోగ్రామే ఓపస్ కూడా తీసుకుంటుంది. ఒక్క గొంతే కాబట్టి మోనో (ఎడమ, కుడి అని విడదీయకుండా ఒకటే శబ్దం) పెట్టి 64 ఇస్తే సరిపోతుంది. ఫైలు పేరు మాత్రం మార్చకు, అందులో 20230114 లాంటి అంకెలుంటాయి, అది మెసేజ్ తేదీ. ఆ రోజు పండగనో, నువ్వు జీతం పంపిన రోజనో తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

అన్నీ కలిపి వరసగా వినాలనిపిస్తే, అదే ప్రోగ్రామ్‌లో మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసే ఆప్షన్ ఉంది. పేర్లలో తేదీ ముందుంటుంది కాబట్టి పేరు వరసలో పెడితే అమ్మ మాట్లాడిన క్రమంలోనే వస్తాయి. విడి ఫైళ్లూ ఉంచుకో, కలిపినదీ ఉంచుకో. ఒక కాపీ ఊళ్లో చెల్లెలికో తమ్ముడికో పంపు, ఇంకోటి నీ మెయిల్‌తో పాటు వచ్చే ఆన్‌లైన్ డ్రైవ్‌లో దాచు.

ప్రశ్న: నా దగ్గర 128 కేబీపీఎస్ పాటలు రెండు వేలున్నాయి. అన్నిటినీ ఒకేసారి 320కి మారిస్తే క్లారిటీ పెరుగుతుందా? – విజయనగరం విద్యార్థి

జవాబు: పెరగదు. ఫైలు రెండున్నర రెట్లు లావవుతుంది, పాట అదే ఉంటుంది, ఇంకో విడత నొక్కడం వల్ల కొంచెం తగ్గుతుంది కూడా. వాటిని అలాగే ఉంచేయండి. మీ దగ్గర సీడీలు ఏవైనా మిగిలి ఉంటే వాటి నుంచి నేరుగా ఫ్లాక్ తీయండి, సీడీ నుంచి తీసే పని కూడా పైన చెప్పిన ఫ్రీ ఆడియో కన్వర్టరే చేస్తుంది.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకుండా ఆన్‌లైన్‌లోనే మార్చే సైట్లు ఉన్నాయి కదా, అవి వాడొచ్చా? – అనంతపురం నుంచి ఒక గృహిణి

జవాబు: పిల్లాడి రైమ్ ఒకటో రెండో అయితే వాడుకోండి. వందల ఫైళ్లకి పనికిరావు, ఎక్కించడానికీ దించుకోవడానికీ రెండుసార్లు డేటా కట్టాలి, చాలా సైట్లు కొన్ని ఫైళ్లు కాగానే డబ్బడుగుతాయి. ఇంట్లో మాటలు, ఫోన్ రికార్డింగులు, డాక్టరుతో మాట్లాడినవి మాత్రం ఎప్పుడూ అలాంటిచోట ఎక్కించకండి. మీ కంప్యూటర్‌లో జరిగే పని మీ ఇల్లు దాటి పోదు.

ప్రశ్న: 2008 ప్రాంతంలో బటన్ ఫోన్‌లో రికార్డ్ చేసుకున్న మా బడి పిల్లల పాటలు మెమరీ కార్డులో ఉన్నాయి. ఏఎంఆర్ అంటోంది. కొత్త ఫోన్‌లో తెరుచుకోవడం లేదు. – రిటైర్డ్ టీచర్, నల్లగొండ

జవాబు: మాస్టారూ, ముందుగా కార్డును రీడర్‌లో పెట్టి ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి దించేయండి, అన్నేళ్ల కార్డులు చెప్పకుండా పోతాయి. ఏఎంఆర్ అనేది ఫోన్ మాటల కోసం చేసిన రకం, సెకనుకు 8,000 కొలతలే తీసుకుంటుంది, కాబట్టి పిల్లల గొంతులు కాస్త డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటాయి. 64 మోనో ఇస్తే ఉన్నది దాదాపు పోకుండా వస్తుంది, అంతకు మించి ఎంత పెట్టినా లాభం లేదు.

దీనికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. 2000లో మొదలైంది, ఏ పాత రకం ఫైలైనా అది తెరుస్తుందన్నంత పేరు. కానీ బటన్లూ కిటికీలూ ఉండవు, నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి. ఫోల్డర్‌లో ఉన్న ఏఎంఆర్‌లన్నిటికీ కలిపి ఒక్క వరుస ఆజ్ఞ చాలు, మీ పాత విద్యార్థుల్లో కంప్యూటర్ పని చేసేవాళ్లెవరినైనా అడగండి, అయిదు నిమిషాల్లో చేసి పెడతారు. మీరే చేసుకోవాలంటే ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రామ్ దించుకుని, దానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ తగిలిస్తే ఏఎంఆర్ తెరుచుకుంటుంది. అందులో మాక్రో అని ఉంటుంది, ఎంపీ3గా ఎగుమతి చేయమన్న పనిని ఒకసారి రాసిపెట్టి, ఫైళ్లన్నీ ఎంచుకుని నడిపిస్తే వరసగా చేసుకుంటూ పోతుంది. పాటలు వచ్చాక ఏ పాట ఏ తరగతి పిల్లలదో ఫైలు పేరులోనే రాసి పెట్టండి మాస్టారూ, ఆ పిల్లలకి ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి, పంపితే ఎంత సంతోషిస్తారో.